ఉప్పునీటి ట్యాంకుకు ముందు ఊపిరి, తర్వాతే రంగులు

హైదరాబాద్‌లో కొత్తగా ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవాళ్ళు మొదట అడిగేది లైటు గురించి. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని వాట్లు ఉండాలి, నీలం రంగు ఎంత పెట్టాలి. ఆ తర్వాత ఉప్పు బ్రాండు, ఆ తర్వాత చేపల జాబితా. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత ఉంటుంది, రాత్రికి ఎంతకు పడిపోతుంది, కరెంటు పోతే ఏం చేయాలి అని అడిగినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ ఊళ్ళో సముద్రపు చేపను పెంచాలంటే డబ్బు ముందుగా దాని ఊపిరి మీద పెట్టాలి. అంటే నీటి కదలిక మీద, నీటి చల్లదనం మీద, కరెంటు పోయినా ఆగని ఒక చిన్న పంపు మీద. ఇవి అమర్చుకునే వీలు లేకపోతే మంచినీటి చేపలు పెంచుకోవడం మేలు. వాటిలోనూ అందానికి కొదవ లేదు.

మనవాళ్ళకు ఈ ఆలోచన ఎందుకు రాదో నాకు కొంతవరకు అర్థమవుతుంది. రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు వెళ్ళినవాళ్ళు కొర్రమీనును ప్రాణంతోనే చూసి ఉంటారు. టబ్బులో జానెడు నీళ్ళు, అందులో ఒకదాని మీద ఒకటిగా చేపలు, అయినా గంటల తరబడి బతికే ఉంటాయి. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం వరసలో నిలబడేవాళ్ళ చేతుల్లోని కవర్లలో ఉండేవీ కొర్రమీను పిల్లలే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలదు. సీసాలో పెట్టి అమ్మే ఫైటర్ చేపకూ, గౌరామికీ ఆ శక్తి ఉంది. ఇలాంటి చేపల్ని చూస్తూ పెరిగిన మనకు, నీళ్ళుంటే చాలు చేప బతికేస్తుందన్న నమ్మకం ఏర్పడిపోయింది.

ట్యాంకుల్లో పెంచే సముద్రపు చేపల సంగతి వేరు. క్లౌన్ ఫిష్ కానీ, డామ్సెల్ కానీ, టాంగ్ కానీ గాలి పీల్చి బతకలేవు. మొప్పల గుండా పారే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజనే వాటికి ఆధారం. అవి పుట్టి పెరిగే పగడపు దిబ్బల దగ్గర పగలూ రాత్రీ అలలు విరుగుతూనే ఉంటాయి. ఊపిరాడని చేప పైకి వచ్చి నోరు తెరిచి మూస్తుంటే అది గాలి తాగుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది గాలిని తాకి ఉన్న పలుచటి పై పొర నీళ్ళ కోసం వెతుక్కుంటోంది. ఆక్సిజన్ ఇంకా కాస్త మిగిలి ఉండేది ఆ పొరలోనే.

ఇక లెక్క చూద్దాం. సముద్ర మట్టం దగ్గర, 25 డిగ్రీల వేడిలో, మంచినీళ్ళు గాలి నుంచి లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉండే సముద్రపు నీళ్ళయితే 6.7. ఉప్పు పెరిగేకొద్దీ నీళ్ళలో వాయువులు కరగడం తగ్గుతుంది. వేడి 30 డిగ్రీలకు చేరితే ఆ 6.7 కాస్తా 6.2 అవుతుంది. విశాఖలోనో చెన్నైలోనో ఉన్నవాళ్ళ లెక్క ఇక్కడితో ఆగుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి 6 శాతం దాకా తక్కువ, కరిగే ఆక్సిజనూ ఆ మేరకు తక్కువే. మే నెలలో 30 డిగ్రీలకు వేడెక్కిన మన ట్యాంకు, పంపులన్నీ సవ్యంగా నడుస్తున్నా, గాలి నుంచి లీటరుకు 5.8 మిల్లీగ్రాములకు మించి తీసుకోలేదు. చేపలున్న ఉప్పునీళ్ళలో 5కు తగ్గనివ్వకూడదన్నది సాధారణంగా చెప్పే మాట. అంటే వేసవిలో మనకు మిగిలే వెసులుబాటు ఒక్క మిల్లీగ్రాము కూడా లేదు. పైగా వేడి పెరిగితే చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి. 10 డిగ్రీలు పెరిగితే దానికి కావలసిన ఆక్సిజన్ దాదాపు రెట్టింపవుతుంది. నీళ్ళు ఇవ్వగలిగేది తగ్గుతున్న వేళకే చేప అడిగేది పెరుగుతుంది.

ఇంకొక లెక్క నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. లీటరుకు 5.8 చొప్పున 200 లీటర్ల ట్యాంకు మొత్తంలో ఉండే ఆక్సిజన్ ఒక గ్రాము పైచిలుకు. అంతే. మనం పీల్చే గాలి ఒక్కో లీటరులో 250 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది కాబట్టి అదే పరిమాణంలో నీళ్ళకంటే గాలిలో ఆక్సిజన్ 40 రెట్లు ఎక్కువ. అంత పెద్ద గాజు పెట్టెలో, అన్ని రంగుల మధ్య, ఆ ఒక్క గ్రామునే అందరూ పంచుకోవాలి. అందరూ అంటే చేపలు మాత్రమే కాదు. రాళ్ళలో, ఇసుకలో ఉండే బాక్టీరియా కూడా పంచుకుంటుంది, చాలా ట్యాంకుల్లో చేపలకంటే ఎక్కువే తీసుకుంటుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విషం కాకుండా నైట్రేటుగా మార్చేది ఈ బాక్టీరియానే. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ను అలా మార్చడానికి దానికి 4.5 గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. కాబట్టి ముద్దుగా రెండు చిటికెల మేత ఎక్కువ వేసినా ఆ భారం చివరికి ఆక్సిజన్ మీదే పడుతుంది.

రాత్రి సంగతి నేను ఏ అక్వేరియం పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మా మేనమామకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. చిన్నప్పుడు సెలవుల్లో అక్కడికి వెళ్తే ఆయన తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకుని గట్టు మీదికి వెళ్ళడం చూసేవాణ్ణి. "మధ్యాహ్నం చూస్తే ప్రతి చెరువూ బాగానే ఉంటుందిరా, దాని సంగతి తెలియాలంటే కోడి కూసే వేళ చూడాలి" అనేవారు. పగలు నీళ్ళలోని నాచు ఎండ తిని ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక ఆ నాచు కూడా ఆక్సిజన్ తీసుకోవడం మొదలుపెడుతుంది. రాత్రంతా అందరూ తీసుకోవడమే, ఇచ్చేవాళ్ళు లేరు. అందుకే సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. రెండు రోజులు మబ్బు పట్టిందంటే గోదావరి, కృష్ణా జిల్లాల ఆక్వా రైతులకు నిద్ర ఉండదు. రొయ్యల చెరువుల్లో నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే జనరేటరు వేయాలి. 'డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) ఎంత ఉంది' అన్నది అక్కడ మామూలు పలకరింపు. ఆ రైతులకు నోటికొచ్చిన ఈ పాఠం హైదరాబాద్ అపార్టుమెంట్లలో లక్షలు పోసి ట్యాంకులు పెట్టేవాళ్ళకు ఎందుకు చేరలేదన్నదే నా బాధ.

ఇంట్లోని ట్యాంకుకూ అదే గడియారం. లైట్లు ఆపాక పగడాలూ, నాచూ, చేపలూ అన్నీ ఆక్సిజన్ తీసుకుంటాయి. కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ కూడా తెల్లవారేసరికి దిగుతుంది. సముద్రంలోనూ ఇదే జరుగుతుంది, అయితే అక్కడ ప్రాణులు దానికి దారులు వెతుక్కున్నాయి. క్లౌన్ ఫిష్ రాత్రిపూట తాను ఉండే ఆనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రపు ప్రాణి) చేతుల మధ్య ఊరికే పడుకోదు. కదులుతూ, రెక్కలాడిస్తూ ఆ ఆనిమోన్‌కు కొత్త నీళ్ళు అందేలా చేస్తుందని 2013లో వచ్చిన పరిశోధన చూపించింది. కొమ్మల పగడాల మధ్య రాత్రి తలదాచుకునే కొన్ని డామ్సెల్ చేపలు కూడా నిద్రలోనే రెక్కలు ఆడిస్తూ ఆ పగడానికి ఊపిరి పోస్తాయి. ఇది తెలిసినప్పటి నుంచి రాత్రిపూట 'చేపలు పడుకుంటాయి కదా' అని వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్ళను కదిలించే పంపు) ఆపేసేవాళ్ళను చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు. పగలు కాసేపు ఆపినా ఆపండి, రాత్రి మాత్రం ఆపకండి.

ఇక బుడగల తగవు. హైదరాబాద్ ఉప్పునీటి హాబీలో రెండు వర్గాలున్నాయి. ట్యాంకు అడుగున ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) పెట్టి బుడగలు వస్తున్నాయి కాబట్టి ఆక్సిజన్ దండిగా ఉందని నిశ్చింతగా ఉండేవాళ్ళు ఒకరు. మెరైన్ ట్యాంకులో ఎయిర్ స్టోన్ పెట్టడం పాపమన్నట్టు మాట్లాడేవాళ్ళు రెండోవాళ్ళు. ఇద్దరి మాటా నాకు ఒప్పుదల కాదు.

45 సెంటీమీటర్ల లోతు ట్యాంకులో అడుగు నుంచి బయల్దేరిన బుడగ రెండు సెకన్లలో పైకి వచ్చేస్తుంది. అంత తక్కువ సమయంలో అది నీళ్ళకు ఇచ్చి పోయే ఆక్సిజన్ కొంచెమే. అసలు పని అది పైకి వస్తూ తనతోపాటు అడుగు నీళ్ళను కూడా మోసుకురావడంలో, పైకొచ్చి ఉపరితలాన్ని కదిలించడంలో ఉంది. కదలని నీళ్ళలో ఆక్సిజన్ తనంతట తాను ఒక సెంటీమీటరు లోపలికి చేరడానికే గంటలు పడుతుంది. కాబట్టి గాలిని తాకే పై పొర ఎప్పటికప్పుడు మారుతూ ఉండాలి. అడుగు నీళ్ళు పైకి రావాలి, పైన ఆక్సిజన్ నింపుకున్న నీళ్ళు కిందికి పోవాలి. వేవ్‌మేకర్‌ను కొంచెం పైకి తిప్పి పెడితే ఈ పని ఎయిర్ స్టోన్ కంటే బాగా చేస్తుంది, ఉప్పు తుంపరలు కూడా తక్కువ. ట్యాంకు పరిమాణానికి గంటకు ఓ 20 రెట్లు నీళ్ళు తిప్పగలిగేది తీసుకోవాలి. 200 లీటర్లకు గంటకు 4000 లీటర్ల రకం. కొన్నాక అది ఎటు తిరిగి ఉందో చూసుకోవడం ఇంకా ముఖ్యం. ఎంత పెద్ద వేవ్‌మేకర్ అయినా అడుగున రాళ్ళ వైపు తిరిగి ఉంటే పైన నీళ్ళు అద్దంలా నిలబడిపోతాయి. గదిలో ట్యూబ్‌లైటు వేసి ట్యాంకు పైన దాని నీడ చూడండి. ఆ నీడ ముక్కలు ముక్కలుగా విరుగుతూ ఉండాలి. గీత గీసినట్టు నిలకడగా కనిపించిందంటే కదలిక చాలదు.

అలాగని ఎయిర్ పంపును ఇంట్లోంచి తరిమేయక్కర్లేదు. బుడగలు పగిలినచోటల్లా ఉప్పు పేరుకుంటుంది, గాజు మీద, మూత మీద, వైర్ల మీద తెల్లగా గట్టిపడుతుంది, నిజమే. ప్లగ్గుల దగ్గర అది ప్రమాదం కూడా. వైరు ట్యాంకు నుంచి నేరుగా సాకెట్‌లోకి పోకుండా మధ్యలో కిందికి వేలాడేలా ఉంచాలి, అప్పుడు జారిన నీటి చుక్క ప్లగ్గు దాకా పోదు. ఇంత జాగ్రత్త తీసుకున్నాక, అవసరానికి పనికొచ్చే ఒక ఎయిర్ పంపు అల్మారాలో లేని ఇల్లు నా దృష్టిలో చేపలకు సిద్ధమైన ఇల్లు కాదు.

బుడగలు నిజంగా ఆక్సిజన్ పని చేసేది స్కిమ్మర్‌లో. స్కిమ్మర్‌ను అందరూ మురికి తీసే యంత్రంగానే చూస్తారు, కప్పులో చేరే గోధుమరంగు నురగను చూసి సంతోషిస్తారు. దాని గొంతులో తిరిగే సన్నటి బుడగలు ఎయిర్ స్టోన్ బుడగల్లా రెండు సెకన్లలో పారిపోవు. నీళ్ళతో కలిసి సుడి తిరుగుతూ చాలాసేపు ఉంటాయి. ఉప్పునీళ్ళలో ఉండే ఒక గుణం వల్ల అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోకుండా సన్నగానే మిగులుతాయి. స్కిమ్మర్ మంచినీళ్ళలో సరిగా పనిచేయనిదీ అందుకే. పాలలా తెల్లబడ్డ ఆ నీళ్ళు సంప్‌లోకి (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టిలోకి) వచ్చేసరికి ఆక్సిజన్‌తో నిండి ఉంటాయి. కొత్తవాళ్ళు 'చేపలు రెండే కదా, స్కిమ్మర్ ఎందుకు' అని మానేస్తుంటారు. మురికి సంగతి పక్కన పెట్టినా, ఈ ఊరి ఎత్తుకు, ఈ ఊరి ఎండకు స్కిమ్మర్ పెట్టమనే నేను చెప్తాను.

సంప్ ఉన్న ట్యాంకుకు మరో లాభం ఉంది. నీళ్ళు పై అంచు మీదుగా పొర్లి కిందికి పడతాయి కాబట్టి ఉపరితలం మీద చేరే జిడ్డు కూడా వాటితోపాటు పోతుంది. మేత నూనె, చేపల జిగురు, వంటింటి పొగ కలిసి పాల మీద మీగడలా ఒక పొర కడుతుంది. ఆ పొర కింద నీళ్ళు ఎంత కదిలినా గాలితో కలవడం తగ్గుతుంది. సంప్ లేనివాళ్ళు ఉపరితలం మీది నీళ్ళను లాగే చిన్న సర్ఫేస్ స్కిమ్మర్ (పైన చెప్పిన బుడగల స్కిమ్మర్ కాదు) తగిలించుకోవచ్చు. ఏదీ లేకపోతే ఒక పేపర్ టవల్ నీళ్ళ మీద పరిచి తీసేసినా ఆ జిడ్డు చాలావరకు వచ్చేస్తుంది. మూత విషయం కూడా చెప్పాలి. బల్లులు పడతాయని, చేపలు దూకుతాయని గాజు మూతతో గట్టిగా కప్పేస్తుంటారు. కప్పాల్సిందే, కానీ గాజుకు బదులు సన్నటి నెట్ బిగించిన ఫ్రేమ్ పెట్టండి. దూకే చేప ఆగుతుంది, గాలి ఆగదు.

వేడి గురించి. మన వేసవి పొడి వేసవి. ఏప్రిల్, మే నెలల్లో నీటి ఉపరితలం మీదికి వీచేలా ఒక చిన్న ఫ్యాన్ పెడితే నీళ్ళు ఆవిరవుతూ ట్యాంకు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. డెజర్ట్ కూలర్ పనిచేసేదీ ఇదే సూత్రం మీద. సముద్రపు ఒడ్డున ఉక్కపోతలో ఇది అంతగా పనిచేయదు, హైదరాబాద్ ఎండాకాలంలో మాత్రం చక్కగా పనిచేస్తుంది. జూలైలో వానలు పడి గాలిలో తేమ పెరిగాక ఈ ఫ్యాన్ బలం తగ్గిపోతుంది, అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఫ్యాన్ పెట్టినవాళ్ళు రోజూ తగ్గే నీటిని ఆర్‌వో నీళ్ళతో నింపాలి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు అక్కడే ఉంటుంది. నింపకపోతే ఉప్పు చిక్కబడి ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. బోరు నీళ్ళు మాత్రం పోయకండి, మన బోర్లలో చాలావాటి నీళ్ళు కఠినం. నీళ్ళను చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనగలిగితే మంచిదే, కానీ చిల్లర్ ఉందన్న ధైర్యంతో ఉపరితల కదలికను తగ్గించిన ట్యాంకులు కూడా చూశాను. చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుందంటే చోటు ఉందని అర్థం. ఆ చోటు నిండాలంటే మళ్ళీ కదలికే కావాలి.

చేప వేగంగా ఊపిరి తీస్తోంటే కారణం ఆక్సిజన్ ఒక్కటే అని తీర్మానించకూడదు. తెల్లవారుజామున చేపలన్నీ కలిసి పైన తేలుతున్నాయి, లైట్లు వెలిగిన కొన్ని గంటలకు సర్దుకుంటున్నాయి అంటే అది ఆక్సిజనే. ఒకటో రెండో చేపలు పగలు కూడా ఎగశ్వాస పీలుస్తూ, పంపు ఎదురుగా నిలబడిపోతున్నాయంటే మొప్పల్లో పరాన్నజీవులు చేరి ఉండవచ్చు. మెరైన్ వెల్వెట్ అనే జబ్బు ముందు మొప్పలనే పట్టుకుంటుంది, ఒంటి మీద పొడి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అమ్మోనియా పెరిగినా మొప్పలు కాలిపోతాయి. ఏ కారణమైనా ముందు గాలి పెంచడం వల్ల నష్టం లేదు, వైద్యానికి కాస్త సమయం దొరుకుతుంది. కానీ వైద్యమే ఆక్సిజన్‌ను తినేసే సందర్భాలున్నాయి. ఫార్మలిన్ వాడేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి బాగా కొట్టకుండా అది వేయకూడదు. నైట్రేట్ తగ్గించడానికి వోడ్కానో వెనిగరో చుక్కలుగా పోసే పద్ధతి ఒకటుంది. అది బాక్టీరియాకు మేత. మోతాదు మించితే బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి నీళ్ళు తెల్లబడతాయి, ఆ రాత్రే ఆక్సిజన్ అడుగంటుతుంది. మంచి స్కిమ్మర్ లేని ట్యాంకులో ఆ ప్రయోగం వద్దు.

కొలవడం గురించి కూడా నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పద్ధతిని వింక్లర్ అనే రసాయన శాస్త్రవేత్త 1888లోనే చెప్పాడు, ఆ సూత్రం మీద పనిచేసే కిట్లు ఆక్వా మందుల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి. సముద్రం లేని మన ఊళ్ళోనే, ప్రగతినగర్ వైపు ఉన్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు హిందూ మహాసముద్రంలో తేలే ఆర్గో పరికరాల సమాచారం వస్తుంది, వాటిలో కొన్ని ఆక్సిజన్‌ను కూడా కొలుస్తాయి. అరేబియా సముద్రంలో సుమారు 150 నుంచి 1000 మీటర్ల లోతు మధ్య ఆక్సిజన్ దాదాపు లేని పెద్ద పొర ఒకటుంది. అంత సముద్రానికే ఆక్సిజన్ కరువు ఉన్నప్పుడు మన గాజు పెట్టె సంగతి ఊహించుకోండి. క్యాల్షియం, మెగ్నీషియం కిట్లు నాలుగు కొనేవాళ్ళు డీవో కిట్ ఒకటి ఎందుకు కొనరు? కొని, మధ్యాహ్నం కాకుండా తెల్లవారకముందు కొలవండి. వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి కొలిచినా మీ ట్యాంకు స్వభావం తెలిసిపోతుంది.

ఏసీ గదిలో ట్యాంకు పెట్టినవాళ్ళు పీహెచ్ 7.8 దగ్గర ఆగిపోయిందని, ఆక్సిజన్ తక్కువైందేమోనని టెన్షన్ పడుతుంటారు. కిటికీలు మూసిన గదిలో మన ఊపిరి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పెరిగి నీళ్ళలో కలవడం వల్ల అలా అవుతుంది. ఆక్సిజన్ అంతగా మారదు. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెడితే పీహెచ్ సర్దుకుంటుంది.

చేపల సంఖ్య దగ్గరికి వస్తే నేను కఠినంగానే ఉంటాను. బ్లూ టాంగ్ రోజంతా ఈదే చేప, పెరిగేకొద్దీ ఎక్కువ ఆక్సిజన్ తీసుకుంటుంది. అమ్మకానికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం సముద్రం నుంచి పట్టినవే. దాన్ని ఎక్కడో దిబ్బల మధ్య పట్టి, ఆక్సిజన్ నింపిన కవరులో విమానం ఎక్కించి, మన డ్రాయింగ్ రూములో మూడడుగుల ట్యాంకులో వేసి ఊపిరాడనివ్వకపోవడం అన్యాయం. క్లౌన్ ఫిష్‌ను మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ పిల్లల్ని తీయించి చూపించింది. ట్యాంకులో పుట్టిన క్లౌన్ ఫిష్ జంట, రెండు మూడు చిన్న చేపలు, 200 లీటర్లకు ఇది చాలు. సముద్ర గుర్రాలు, గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, ఎవరు అమ్మజూపినా వాటి జోలికి పోకండి. కొనే ముందు షాపులో ఆ చేప ముందు కాసేపు నిలబడి దాని మొప్పల కదలిక చూడండి. ఒకే రకం చేపల్లో ఒకటి మాత్రం మిగతావాటికంటే వేగంగా కొట్టుకుంటోంటే దాన్ని తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక కవరు విప్పి గంటల తరబడి అందులోనే ఉంచకండి. కవరు మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దారంతా పేరుకున్న అమ్మోనియా అప్పుడు విషమవుతుంది.

చివరగా కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి, వడగళ్ళు, చెట్టు కొమ్మ తీగల మీద పడటం, రాత్రి ఎప్పటికో కరెంటు రావడం మనకు కొత్త కాదు. అది ట్యాంకు అన్నిటికంటే వేడిగా ఉండే కాలం, ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉండే కాలం కూడా. ఆ రాత్రి పంపులు ఆగితే ఏం జరుగుతుందో పైన లెక్కలే చెప్తున్నాయి. అపార్టుమెంటులో జనరేటరు ఉంది కదా అనుకునేవాళ్ళు అది దేనికి కలిపి ఉందో కనుక్కోండి. పాత అపార్టుమెంట్లలో చాలాచోట్ల అది లిఫ్టుకు, మెట్ల లైట్లకే. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా దాని లైను ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే వెళ్ళి ఉంటుంది, ట్యాంకు వెనక సాకెట్‌కు వెళ్ళి ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇన్వర్టర్ లైను నుంచి ట్యాంకు దగ్గరికి విడిగా ఒక సాకెట్ వేయించండి. దానికి వేవ్‌మేకర్, ఎయిర్ పంపు మాత్రమే పెట్టాలి. హీటరు, చిల్లర్, ట్యాంకు లైటు మామూలు లైను మీదే ఉండాలి. 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు ఉంటాయి, సగమే చేతికొచ్చినా 900. ఒక డీసీ వేవ్‌మేకర్ తినేది 10, 15 వాట్లు. ఇంట్లోని ఫ్యాన్లే ఆ బ్యాటరీని ఖాళీ చేయకుండా చూసుకుంటే, రాత్రి గడిచేదాకా దానికి ఢోకా ఉండదు. ఇన్వర్టర్ లేని అద్దె ఇళ్ళవాళ్ళు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు, రెండు జతల కొత్త బ్యాటరీలు ట్యాంకు కింద అరలోనే పెట్టుకోవాలి. అదీ అందకపోతే మగ్గుతో నీళ్ళు తీసి అడుగెత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తూ ఉండాలి. మేత మాత్రం వేయకూడదు. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట మూసిన డబ్బాలో ఉండే ఫిల్టర్) వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. గంటల తరబడి ఆగిపోయిన క్యానిస్టర్‌లో ఆక్సిజన్ అయిపోయి లోపలి నీళ్ళు కుళ్ళిపోతాయి. కరెంటు రాగానే అది దానంతట అదే మొదలై ఆ నీళ్ళన్నీ ట్యాంకులోకి పంపేస్తుంది. ముందు ప్లగ్గు తీసేసి, తెరిచి, కడిగాకే పెట్టండి.

ఇవన్నీ అమర్చుకున్నాక, వేసవి రాకముందే ఒక ఆదివారం పగలు మెయిన్ స్విచ్ ఆపి చూడండి. వేవ్‌మేకర్ ఆగకుండా తిరుగుతోందా, మళ్ళీ కరెంటు ఇచ్చాక స్కిమ్మర్ పొంగిపోకుండా సర్దుకుందా, కొన్ని డీసీ పంపులు పాత వేగాన్ని మర్చిపోయి అతి నెమ్మదిగా మొదలవుతాయి కదా, మీది అలా చేస్తోందా, మీరు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లో ఉండే అత్తయ్యకో పక్కింటివాళ్ళకో ఆ ఎయిర్ పంపు ఎక్కడుందో, ఏ బటన్ నొక్కాలో తెలుసా అన్నవి ఆ రోజే చూసుకోవాలి. సాకెట్ మీద 'చేపలది, తీయవద్దు' అని ఒక చీటీ కూడా అంటించండి. ఫోన్ చార్జింగ్ కోసం ఆ ప్లగ్గు పీకేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.